వారం కింద గట్టిగానే ఉన్న నట్టు

మొన్న కరీంనగర్‌లో మా శాఖ పాత ఉద్యోగులందరం కలిశాం. శాలువాలు, ఫొటోలు, మైకులో ఎవరికీ వినపడని ఉపన్యాసాలు అయ్యాక భోజనాల దగ్గర ఒక అమ్మాయి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. కొత్తగా ఉద్యోగం వచ్చిందట. ఉట్నూర్ అవతల పోస్టింగ్ ఇచ్చారట. తిరగడానికి తండ్రి తన మోటార్ సైకిల్ ఇచ్చేశాడట.

"సార్, మీరు గా ఏజెన్సీల బండి మీదనే నౌకరీ మొత్తం చేసిండ్రట గద. ఒక్క మాట చెప్పుండ్రి. బండి పని ఇంట్ల మనమే చేసుకుంటె మంచిదా, నమ్మకమైన షాపుల ఇస్తె మంచిదా?"

ఇంత చిన్న ప్రశ్నకు ఈ ముసలాయనకు అంత కోపం ఎందుకొచ్చిందో పాపం ఆ పిల్లకు అర్థం కాలేదు. చేతిలోని పూరీ పళ్లెంలో పడేసి, "ఇంట్ల చేసుకునుడంటే ఏందనుకున్నవ్ బిడ్డా?" అని గట్టిగా అరిచాను. ఆమె బెదరలేదు. ఫోను తీసి నా ముందు పెట్టింది.

"గీ వీడియోల అంత చూపెట్టిండు సార్. చైన్ టైట్ చేసుడు పది నిమిషాల పనేనట."

ఎదురుగా కూర్చున్న మా పాత గుమస్తా కలగజేసుకున్నాడు. "గదంత ఎందుకమ్మా, షోరూముల పడెయ్యి. కడిగి మెరిపిచ్చి ఇస్తరు."

నాకు కోపం రెండింతలైంది. ఫోనులో చూపించేవాడు పని మొత్తం చూపిస్తాడు, మన చెయ్యి ఎక్కడ ఆగిపోయిందో వాడికి కనపడదు. షోరూములో ఇరవై గళ్ల కాగితం ఇస్తారు, ప్రతి గడిలో టిక్కు ఉంటుంది. టిక్కు పెట్టినవాడు బండి ముట్టడు, బండి ముట్టినవాడు మనకు కనపడడు. ఇద్దరినీ కలిపి తిట్టాను. తిట్టి తిట్టి, ఆ పిల్ల అడిగినదానికి మాత్రం జవాబు చెప్పకుండా చెయ్యి కడుక్కుని వచ్చేశాను. చొప్పదండి బస్సులో కూర్చున్నాక సిగ్గేసింది. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఆమెకే కాదు, ఆమెలాగా కొత్తగా బండెక్కే వాళ్లందరికీ.

ముందు నా గొప్ప కొంచెం వినండి. ఏజెన్సీలో ఇరవై ఆరేళ్లు బండి నడిపాను. ఒక్కసారి కూడా పడలేదు. ఒకసారి పులి దారికడ్డంగా నిలబడితే హారన్ కొట్టి తప్పించాను.

సరే, ఇరవై ఆరు కాదు, పంతొమ్మిది. పడటం కూడా నాలుగుసార్లు పడ్డాను. పులిని చూడలేదు, దాని అడుగు చూశాను, అదీ ఒక పశువుల కాపరి వేలు పెట్టి చూపిస్తే. ఈ అలవాటు నాకు చిన్నప్పటి నుంచి ఉంది. అందుకని ముందే మాటిస్తున్నాను: కింద ఎక్కడ ఎక్కువ చేసి చెప్పానో అక్కడికక్కడే ఒప్పుకుంటాను.

నా ఉద్యోగం జ్వరాల మీద. గూడేలు తిరిగి, ఒళ్లు కాలుతున్న వాళ్ల వేలికొస నుంచి రక్తం చుక్క గాజు పలక మీద తీసుకుని రావడం, ఇళ్లల్లో దోమల మందు కొట్టించడం, టీకాల రోజు నర్సమ్మను, టీకాల పెట్టెను వెనక ఎక్కించుకుని పోవడం. ఉట్నూర్ అవతల ఒక చిన్న ఊళ్లో మా ఆఫీసు. ఊరి పేరు చెప్పను, అక్కడి వాళ్లు ఇంకా బతికే ఉన్నారు. ఆఫీసుకు ఐదు మోటార్ సైకిళ్లు. నెలకోసారి ఐదింటినీ ఊళ్లో ఒకే మెకానిక్‌కు చూపించాలి. అతను చూసి, బాగున్నదని చీటీ మీద సంతకం పెడితేనే టూరు. మా ఆఫీసు పెట్టిన నియమాల్లో బుద్ధితో పెట్టింది అదొక్కటే అని అప్పట్లో అనేవాణ్ణి. దాన్ని ఎందుకు పెట్టారో తర్వాత తెలిసింది.

ఆ మెకానిక్‌ది బస్టాండు వెనక రేకుల షెడ్డు. నాకంటే పదేళ్లు చిన్న. వాళ్ల బాపు గోదావరి ఒడ్డున బొగ్గుబాయిలో ఫిట్టరు. కంపెనీ క్వార్టర్లలో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక ఇటు వచ్చి షెడ్డు వేసుకున్నాడు. పని చేసేటప్పుడు మాట్లాడడు, మనల్ని మాట్లాడనివ్వడు. పని అయ్యాక బండి ఇవ్వడు. మనల్ని కూడా బండి పక్కన గొంతుకూర్చోబెడతాడు.

"చెయ్యి పెట్టుండ్రి సారు."

"నువ్వు బిగించినవ్ గద, మల్ల నేనెందుకు?"

"గందుకే. బిగించిన చెయ్యి, బిగిసింది అనే అనుకుంటది. మా బాపోల్ల దగ్గర లిఫ్టు బాయిలకు దించేముందు ఒకలు బిగిస్తె ఇంకొకలు తడిమేటోల్లు. తడిమినాయన సరే అంటెనే గంట కొట్టుడు."

అట్లా ఒక్కొక్క నట్టూ మన చేత తడిమిస్తాడు. మన వేలు సరే అన్నాక అగ్గిపుల్లను తెల్ల పెయింటులో ముంచి, నట్టు మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి సన్నటి గీత గీస్తాడు. నట్టు వెంట్రుకంత కదిలినా గీత తెగి కనపడుతుంది. ఐదు బండ్లకూ ఐదుగురం అట్లా ఆయన ముందు గొంతుకూర్చుని లేచినవాళ్లమే. ఆ తర్వాతే సంతకం.

ఇంత మంచి మనిషి మీద నాకు కోపం ఎందుకొచ్చిందంటే, నిజం చెప్పాడు కాబట్టి. ఒక నెల బండి చూపించడానికి పోయినప్పుడు మా ఆఫీసు వాళ్లు నలుగురున్నారు. మా నర్సమ్మ కూడా ఉంది. నేను ఎప్పటిలాగే బండి నడపడం గురించి ఏదో గొప్ప చెప్పుకుంటున్నాను. అతను తలెత్తకుండా అన్నాడు: "సారు, మీరు బండి నడుపుతలేరు. బండే మిమ్ముల నడుపుతున్నది. గీ చైన్ చూడుండ్రి, పెండ్లికొడుకు మెడల దండ లెక్క ఏలాడుతున్నది."

అందరూ నవ్వారు. నర్సమ్మయితే చేతిలో చాయ్ ఒలికేలా నవ్వింది. అతను చైన్ సరిచేశాడు, నా చేత నట్లు తడిమించాడు, గీతలు గీశాడు, సంతకం పెట్టాడు. నేను లోపల మండుతూ ఇంటికొచ్చాను.

ఆ వెంటనే కరీంనగర్ పోయినప్పుడు పానాల డబ్బా ఒకటి కొన్నాను. ఎర్ర పెట్టె, లోపల మెరుస్తున్న పానాలు వరసగా పడుకుని ఉన్నాయి. మా ఆఫీసు జీపు ఇంజను ఒకసారి నేనే విప్పి బిగించానని ఊళ్లో చెప్పుకునేవాణ్ణి. నిజానికి డ్రైవరు విప్పితే నేను టార్చి పట్టుకున్నాను. టార్చి కూడా తప్పువైపు పట్టానని అతను తిట్టాడు.

సర్వీసింగ్ అయిన వారానికి, ఆదివారం పొద్దున, వాకిట్లో బండి స్టాండు వేశాను. చైన్ ఏదో చప్పుడు చేస్తున్నట్టు అనిపించింది. చప్పుడు ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేను. షెడ్డుకు తీసుకుపోతే రెండు నిమిషాల పని. కానీ నేను కొన్న పానాలు ఎప్పుడు వాడాలి?

ఇక్కడ కొంచెం బండి సంగతి చెప్పాలి, ఒక్క ముక్కే. చైన్ బిగించాలంటే వెనక చక్రాన్ని కొంచెం వెనక్కి జరపాలి. అందుకు ఇరుసు నట్టు వదులు చేయాలి. దాంతోపాటు ఇంకో నట్టు కూడా వదులు చేయాలి. వెనక బ్రేకు పళ్లెం చక్రంతో కలిసి తిరగకుండా జానెడు ఇనుప పట్టీ ఒకటి దాన్ని బండికి కట్టి పట్టుకుంటుంది. ఆ పట్టీ నట్టు అది. నట్టు ఊడకుండా దానికి అడ్డంగా ఒక సన్నటి పిన్ను గుచ్చి ఉంటుంది. ఆ పట్టీ ఊడిపోతే, బ్రేకు తొక్కగానే పళ్లెం గిర్రున తిరిగి చక్రం బిగుసుకుపోతుంది.

అన్నీ పద్ధతిగానే విప్పాను. చైన్ బిగించాను. ఇరుసు నట్టు గట్టిగా బిగించాను. పట్టీ నట్టు వేలితో తిప్పి పెట్టి పానా కోసం చెయ్యి చాచాను. సరిగ్గా అప్పుడు గేటు దగ్గర గొంతు వినిపించింది.

"ఏంది సారు, ఆదివారం బండికి గూడ ప్రార్థన పెట్టిండ్రా?"

నర్సమ్మ. తెల్ల చీర, చేతిలో పాటల పుస్తకం, చర్చికి పోతోంది. తాతల నాటి నుంచి మిషన్ వాళ్ల చర్చి కుటుంబం. మా ఆఫీసులో నా గొప్పలకు నవ్వకుండా ఎదురు ప్రశ్నలు వేసే ఒకే ఒక్క మనిషి.

"సర్వీసింగ్ సిస్టర్," అన్నాను లేచి నిలబడి. "షాపు షాపనుకుంట తిరుగుతరు గని, బండి గురించి ఇంట్ల మనిషికి తెలిసినంత షాపోనికి తెలుస్తదా?"

"మొన్న ఆయనేమో మీకేం తెల్వదన్నడు."

అంతే. పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. పిస్టన్ గురించి, క్లచ్ ప్లేట్ల గురించి, నాకు తెలియని ఇంకో మూడు వస్తువుల గురించి. ఆమె "చర్చి అయిపోయెటట్టున్నది సారు" అని నవ్వుకుంటూ పోయింది. నేను మళ్లీ కూర్చున్నాను. పానా తీయలేదు. నా మనసులో పని అయిపోయింది. ఆఫీసు నుంచి తెచ్చుకున్న, కాగితాల మీద తప్పులు కప్పే తెల్ల సీసా తీసి, ఆ మెకానిక్ గీసినట్టే నట్ల మీద తెల్ల గీతలు గీశాను. వేలితో తిప్పిన నట్టు మీద కూడా. చూస్తే అచ్చం షాపు పనే.

నేను విప్పిన నట్లు వేసుకున్న గిన్నె తీస్తూ మా ఆవిడ అడిగింది. "ఏమయ్యా, గిదేంది ఒకటి మిగిలింది?"

ఆ పిన్ను.

"కంపెనోడు ఒకటి ఎక్కువేసిండు," అన్నాను.

"ఇన్నేండ్లు లేని ఎక్కువ గియ్యాల్లనే అయ్యిందా?" అని దాన్ని కిటికీలో గుండీల డబ్బాలో వేసింది. నేను స్నానానికి పోయాను.

మంగళవారం టీకాల రోజు. జీపు లేదు. నర్సమ్మ వెనక కూర్చుని, ఒళ్లో టీకాల పెట్టె పెట్టుకుంది. ఘాటు దిగుతుంటే మలుపులో మేకల మంద అడ్డొచ్చింది. బ్రేకు తొక్కాను. వెనక ఏదో పటుక్కున విరిగిన చప్పుడు, చక్రం బిగుసుకుపోయింది, ఇద్దరం నలభై అడుగుల లోయలోకి ఎగిరిపడ్డాం.

లోయ కాదు. మోకాలు లోతు గుంట. దాన్ని నలభై అడుగులని ఎన్నో ఏళ్లు చెప్పాను. లోయంత లోతని చెబితే చేసిన తప్పు చిన్నగా కనపడుతుందని కాబోలు. కానీ గుంటయినా అందులో ఒక రాయి ఉంది. నర్సమ్మ కుడి చెయ్యి ఆ రాయి మీద పడింది. మణికట్టు విరిగింది. ఆమె ఎడమ చేత్తో మొదట టీకాల పెట్టె లేపి, మూత సరిగ్గా ఉందో లేదో చూసుకుంది. ఆ తర్వాతే ఏడ్చింది. మేకలవాళ్లు వచ్చి మమ్మల్ని లేవనెత్తారు, ఒకాయన ఆ పెట్టెను తలమీద పెట్టుకుని గూడెం దాకా మోసుకుపోయాడు. నాకు మోచేయి గీరుకుపోయింది, అంతే.

గురువారం ఆఫీసు వరండాలో విచారణ. మా పెద్దసారు కుర్చీలో, ముందు నా బండి, చేతిలో ఆ నెల చీటీ. పట్టీ ఊడి వేలాడుతోంది, నట్టు లేదు. ఊడిపోయిన నట్టును మేకలవాళ్లలో ఒకాయన వెతికి తెచ్చిచ్చాడు. దాన్ని బల్ల మీద పెట్టారు. మెకానిక్‌ను పిలిపించారు.

అతను వచ్చి నట్టు తీసుకుని, దాని మీద తెల్లటి మరకను గోటితో గీకాడు. పొట్టులా రాలింది. పెయింటు అట్లా రాలదు. వాసన చూశాడు. తలెత్తి నన్ను చూశాడు.

"గిది నా చెయ్యి గాదు సారు," అన్నాడు పెద్దసారుతో.

"చీటీ మీద సంతకం నీదేనా?"

"సంతకం నాదే."

"మరింకేంది?"

అయిపోయింది విచారణ. ఇప్పటికీ నాకు ఒళ్లు మండేది ఇక్కడే. నలుగురు చదువుకున్న వాళ్లం ఉన్నాం అక్కడ. ఒక్కరు కూడా నా వైపు తిరిగి, "మధ్యల నువ్వేమన్న ముట్టుకున్నవా?" అని అడగలేదు. అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. కానీ నేను ఆఫీసు మనిషిని, అతను షెడ్డు మనిషి. సంతకం అతనిది కాబట్టి తప్పూ అతనిదే. అప్పుడు తెలిసింది మా ఆఫీసు ఆ చీటీ ఎందుకు పెట్టించిందో. బండి బాగుండాలని కాదు. బాగుండకపోతే వేలు చూపించడానికి ఒక మనిషి ఉండాలని.

మిగతా వాళ్ల మీద ఇంత కోపం చూపిస్తున్నాను గానీ, అందరికంటే పెద్ద దొంగను నేను. వారం కింద ఆ నట్టు గట్టిగానే ఉందని ఈ లోకంలో అతను కాక తెలిసింది నా వేలికే. అతనే నా చేత తడిమించాడు. నేను మాట్లాడలేదు. నా పేరు ప్రమోషన్ జాబితాలో ఉంది. గొంతులో ఏదో అడ్డం పడిందని కాదు, బాగా ఆలోచించే ఊరుకున్నాను.

అతను మెట్లు దిగుతుంటే వెనకాలే పోయాను. "నువ్వెందుకు చెప్పలే?" అని గొణిగాను.

"నేను చెప్తె ఎవలు నమ్ముతరు సారు? మీరు చెప్తె నమ్ముతరు," అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు.

పెద్దసారు ఐదు బండ్లనూ ఆ షెడ్డు మాన్పించాడు. చిన్న ఊరు. మధ్యాహ్నానికి "షాపోడు పిన్ను మరిసిండట, నర్సమ్మ చెయ్యి ఇరిగిందట" అయింది. సాయంత్రానికి రెండు చేతులయ్యాయి. మర్నాడు బస్టాండులో ఒకాయన నాతోనే "నర్సమ్మ సచ్చిపోయిందట గద సారు" అన్నాడు. పెంచి చెప్పడం నా ఒక్కడి జబ్బే అనుకునేవాణ్ణి. స్కూలు మాస్టర్లు మానేశారు, జీపుల వాళ్లు మానేశారు. షెడ్డు ముందు ఒక్క బండి లేదు.

నర్సమ్మను చూడ్డానికి అరటిపండ్లు తీసుకుని పోయాను. పిండికట్టు వేసిన చెయ్యి మెడకు కట్టుకుని కూర్చుంది.

"చెయ్యి ఎట్లున్నది సిస్టర్?"

"చెయ్యే ఇరిగింది సారు. కండ్లు మంచిగనే ఉన్నయి. ఆదివారం నేను చూసింది నాకు యాదికున్నది."

నా చేతిలో పండ్లు అట్లాగే ఉండిపోయాయి.

"నేను చెప్పొచ్చు," అంది. "నేను చెప్తె మీరు దొరికినట్టయితది. మీరే చెప్పుండ్రి. చూస్త."

అప్పటి నుంచి నరకం. ఎక్కడ కనపడినా నమస్తే బదులు ఒకటే మాట: "చెప్పిండ్రా సారు?" ఆఫీసు వరండాలో, కూరగాయల దగ్గర, ఒకసారి చర్చి ముందు తన వాళ్లందరి మధ్య. "ఏం చెప్పాల్నమ్మా సారు?" అని ఎవరో అడిగితే, "సారుకు ఎరుకే" అంది.

ఇరవై రోజులు అట్లా గడిచాక మా జీపు డ్రైవరు చెప్పాడు: మెకానిక్ షెడ్డు తీసేస్తున్నాడట. వచ్చే వారపు అంగడి మర్నాడు రేకులు విప్పి, పెళ్లాం పిల్లను తీసుకుని బొగ్గుబాయి ఊరికి తమ్ముడి దగ్గరికి పోతాడట. అక్కడ ఏ పనయినా చేసుకుంటాడట. పదిహేనేళ్ల షెడ్డు, నేను పావుగంట ఉపన్యాసం ఇచ్చినందుకు.

ఆ రోజు పెద్దసారు గదిలోకి పోయి, బల్ల గుద్ది, "తప్పు నాది, ఆ మనిషి మీద మచ్చ తీసెయ్యండి" అని గర్జించాను.

గర్జించలేదు. కాగితం మీద రాసి, బల్ల మీద పెట్టి, గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన చదివాడు. నాలుగు మడతలు పెట్టాడు. తన చొక్కా జేబులో వేసుకున్నాడు.

"నీకేమన్న పిచ్చా?" అన్నాడు మెల్లగా. "రిపోర్టు పైకి పోయింది. గిప్పుడు గిది పంపితె, చూడకుంట ఎట్ల రాసినవని నన్నడుగుతరు. నీ ప్రమోషన్ ముంగటున్నది. షాపోడు ఇంకొకడు దొరుకుతడు. పో, పని చూసుకో."

ఇప్పుడు చెప్పబోయేది నేను ఎవరికీ చెప్పలేదు. ఆ గదిలోంచి బయటికి వస్తూ నాకు హాయిగా అనిపించింది. చెప్పాను, ఆయన వద్దన్నాడు, ఇక నా పని అయిపోయింది అనుకున్నాను. చాయ్ కూడా తాగాను. నర్సమ్మ ఎదురైతే ఆమె అడగకముందే "చెప్పిన సిస్టర్" అన్నాను.

"ఎవలికి?"

"పెద్దసారుకు."

ఆమె ముఖం చూడాలి మీరు. "షాపు మూసేసుకుంటున్నది పెద్దసారా? బండ్లు మాన్పిచ్చింది ఊరంత. ఊరికి తెల్వకుంట జేబుల పెట్టి వస్తె చెప్పినట్టెట్లయితది సారు? నా చెయ్యి జూసి చెప్పుండ్రి, గిది చెప్పుడేనా?"

అంగడి రోజు పొద్దున కిటికీలోని గుండీల డబ్బాలో ఆ పిన్ను వెతుక్కున్నాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. "కంపెనోనికి వాపస్ ఇస్తున్నవా?" అంది. నేను పిన్నును పిడికిట్లో పెట్టుకున్నాను. విరిగిన బండిని ఆఫీసు నుంచి తోసుకుంటూ బయల్దేరాను. నడవని బండిని అంగడి మధ్య నుంచి తోయడం ఎట్లా ఉంటుందో మీకు తెలియదు. వెనక చక్రం సగం తిరిగి ఆగుతుంది. మిరపకాయల రాసుల మధ్య, గంపల మధ్య, "జర జరుగుండ్రి" అనుకుంటూ చెమటలు కక్కుతూ షెడ్డు ముందుకు చేరాను. అతను లోపల సామాను సంచుల్లో కడుతున్నాడు.

అప్పుడు వెయ్యి మంది వినేలా చెప్పాను అని రాయాలని ఉంది. కానీ మొదటిసారి చెప్పింది చాయ్ దుకాణం ముందు కూర్చున్న ఇద్దరికే వినిపించింది. అందులో ఒకాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏందీ? జర గట్టిగ చెప్పుండ్రి సారు" అన్నాడు. తప్పు ఒకసారి చెప్పుకోవచ్చు. అదే తప్పు రెండోసారి, ఇంకా గట్టిగా చెప్పడమే కష్టం.

చెప్పాను. "గీ బండి ఆయన మంచిగనే చేసిండు. గా నట్టు నా చెయ్యితోని నేనే తడిమి చూసిన, గట్టిగుండె. వారమైనంక ఇంట్ల నేను విప్పిన. నేను బిగియ్యలే. పిన్ను పెట్టలే. మీదికెళ్లి తెల్ల గీత గూడ నేనే గీసిన. నర్సమ్మ చెయ్యి నా వల్ల ఇరిగింది."

జనం మూగారు. వెనక నుంచి ఒక గొంతు: "గట్టిగ సారు! గా మిర్చీలమ్మే ఆమెకు వినపడలే!" నర్సమ్మ. పిండికట్టు చేతికి టమాటల సంచి తగిలించుకుని నిలబడింది. మూడోసారి చెప్పాను.

మెకానిక్ సంచి వదిలేసి బయటికొచ్చాడు. పిన్ను అతని చేతిలో పెట్టాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మాస్టరు ఒకాయన సిగ్గుపడుతూ, "రేపు నా బండి తెస్త, ఉంటవు గద?" అన్నాడు. జీపు డ్రైవరు "నాది గూడ" అన్నాడు.

"ఉంట," అన్నాడు అతను. తర్వాత నా వైపు తిరిగాడు. "గింత మందిల చెప్పిండ్రు సారు. మస్తయింది. షెడ్డు తియ్య."

"అయితే ముందుగాల నా బండే..." అని హ్యాండిలు అతని వైపు తిప్పాను.

అతను దాన్ని పట్టుకోలేదు. "మీ బండి ముట్ట సారు."

"ఒప్పుకున్న గదనయ్యా!"

"ఒప్పుకున్నరు. గని ఇరవై దినాలు ఒప్పుకోలే గద. గా ఇరవై దినాలు మా పిల్ల బడికి పోతె, మీ బాపు నర్సమ్మ చెయ్యి ఇరగ్గొట్టిండని అన్నరు. అది ఇంటికొచ్చి, నిజమేనా బాపూ అని అడిగింది. నేను కాదన్న. అది నమ్మిందో లేదో నాకు తెల్వది. మీ మీద కోపం లేదు. నా సంతకం కింద ఇంకో చెయ్యి పనిచేస్తదని ఎరుకైనంక, మల్ల గా బండి మీద సంతకం ఎట్ల పెడత?"

నాకు కోపం వచ్చింది. ఇంత చేశాక కూడానా అని. ఆ కోపం చాలా ఏళ్లు ఉంది. అది అతని మీది కోపం కాదని తెలియడానికి ఇంకొన్నేళ్లు పట్టింది.

ఊరి బండ్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఆఫీసు బండ్లు పెద్దసారు బదిలీ అయ్యేదాకా రాలేదు. నా కాగితం ఆయన జేబులోంచి ఎక్కడికి పోయిందో తెలియదు గానీ, అంగడిలో చెప్పిన మాట మాత్రం పైకి పోయింది. నాకు మెమో వచ్చింది, ప్రమోషన్ వెనక్కి పోయింది. ఎన్నేళ్లో చెప్తే మళ్లీ పెంచానంటారు, వదిలేయండి. నర్సమ్మ చెయ్యి అతుక్కుంది. సూది పట్టుకునేటప్పుడు మణికట్టు కొంచెం వంకరగా పెట్టేది, చివరి దాకా.

ఇక నీ ప్రశ్నకు జవాబు, బిడ్డా. ఇంట్లో చేసుకోవాలనుంటే చేసుకో. చైనుకు నూనె పెట్టుకో, బిగించుకో, నాకేం అడ్డం లేదు. కానీ ముట్టుకుంటే ముట్టుకున్నానని షాపులో చెప్పు. అతని గీత మీద నీ గీత గీయకు. నువ్వు నమ్మకమైన షాపు ఎక్కడుందా అని వెతుకుతున్నావు. ఆ షాపులో కూర్చున్న మనిషి కూడా సంతకం పెట్టే ముందు నీ ముఖం చూస్తాడు. నాకు ఉండింది అట్లాంటి షాపు, బస్టాండు వెనక, రెండు నిమిషాల దూరంలో. దాన్ని నేనే పోగొట్టుకున్నాను.

ఆ తర్వాత అక్కడున్న ఏడేళ్లూ నా బండి సర్వీసింగుకు ఆదిలాబాద్ దాకా పోయేవాణ్ణి. ఆ దారి అతని షెడ్డు ముందు నుంచే పోతుంది. ప్రతిసారీ అతను చూసేవాడు. ప్రతిసారీ చెయ్యి ఊపి, "ఆగుండ్రి సారు, చాయ్ తాగి పోదురు" అనేవాడు. నేను దిగి లోపల స్టూలు మీద కూర్చునేవాణ్ణి. వాళ్ల పిల్ల చదువు సంగతులు చెప్పేవాడు, నర్సమ్మ చెయ్యి ఎట్లా ఉందో అడిగేవాడు. చుట్టూ ఊళ్లోని బండ్లన్నీ షెడ్డు నీడలో ఉండేవి. నాది బయట, ఎండలో.